కుండీల్లో చెట్లు పెంచేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కుండీల్లో చెట్లు పెంచేవాళ్ళకు వచ్చే సందేహాలు ఏటా దాదాపు అవే. పూలమొక్క పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. నాలుగైదేళ్ళు పెంచిన చెట్టు పోతే మాత్రం మనసు చాలా బాధపడుతుంది. అందుకే ఆ సందేహాలన్నిటికీ దశల వారీగా జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఆకుల మీద కనిపించే సమస్యల్లో చాలావాటికి మూలం మట్టిలోనే ఉంటుంది. అందుకే ఇక్కడ వేర్ల మాట ఎక్కువగా వస్తుంది.

## మొక్క తెచ్చుకునే ముందు

చెట్టు నేలలో పెరగాల్సింది కదా, కుండీలో పెడితే పాపం కాదా? ఎన్నాళ్ళు బతుకుతుంది?

చక్కగా చూసుకుంటే మనకంటే ఎక్కువ కాలమే బతుకుతుంది. 1775లో దక్షిణాఫ్రికా నుంచి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు చేరిన ఒక సైకాడ్ (ఈతచెట్టులా కనిపించే పురాతన జాతి మొక్క) ఈనాటికీ కుండీలోనే ఉంది. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదంలో నారింజ, నిమ్మ, దానిమ్మ చెట్లను పెద్ద పెద్ద చెక్క పెట్టెల్లో పెంచుతారు. చలికాలంలో లోపలికి, ఎండలు రాగానే బయటికి చేరుస్తారు. వాటిలో కొన్నిటి వయసు 200 ఏళ్ళకు పైమాటే. నేలలోని చెట్టు నీళ్ళు కావాలంటే వేర్లను దూరం పంపి వెతుక్కుంటుంది. కుండీలోని చెట్టుకు ఆ దారి లేదు, దాని అవసరాలన్నీ మనమే చూడాలి. అంత బాధ్యత తీసుకోగలిగితే పాపం అనుకోనక్కర్లేదు.

కుండీలో చెట్టు పెంచడం, బోన్సాయ్ ఒకటేనా?

కాదు. బోన్సాయ్‌లో తీగ చుట్టి, వేర్లూ కొమ్మలూ పదే పదే కత్తిరించి, చిన్న పళ్ళెంలాంటి తొట్టిలో ముసలి చెట్టు రూపం తెస్తారు. అదొక కళ. 1625 నుంచి అలా పెంచుతూ వచ్చిన ఒక జపాన్ తెల్ల పైన్ హిరోషిమా అణుబాంబు దాడిని కూడా తట్టుకుంది. దాన్ని 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చారు, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది మామూలు చెట్టును నాలుగు నుంచి ఏడడుగుల ఎత్తులో ఆరోగ్యంగా ఉంచుకోవడం గురించి. దానికి తీగలతో పనిలేదు, మంచి మట్టి, కత్తెర, ఓపిక ఉంటే చాలు.

మా బాల్కనీలో ఎండ రెండు మూడు గంటలే పడుతుంది. పండ్ల చెట్టు పెట్టొచ్చా?

పెట్టకండి. పండ్ల చెట్లలో ఎక్కువ వాటికి రోజుకు కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. అంతకంటే తక్కువైతే కొమ్మలు సన్నగా సాగుతాయి, పూత రాదు, ఏళ్ళ తరబడి ఎదురుచూపే మిగులుతుంది. రబ్బరు చెట్టు, ఫైకస్ రకాలు, డ్రసీనా లాంటివి ఆ వెలుతురులో బాగుంటాయి. కొనేముందు ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి ఎండ ఎక్కడ పడుతోందో చూసుకోండి. ఋతువు మారితే ఎండ పడే చోటూ మారుతుందని గుర్తుంచుకోండి.

మొదటిసారి పెంచుతున్నాను. ఏ చెట్టుతో మొదలుపెట్టాలి?

నిమ్మ, జామ, దానిమ్మ, అంజీర. ఈ నాలుగూ కత్తిరింపును ఓర్చుకుంటాయి, పొట్టిగా ఉన్నా కాస్తాయి, చిన్న చిన్న పొరపాట్లకు చచ్చిపోవు. నన్నడిగితే జామ అందరికంటే ఓర్పు గలది. వెచ్చటి వాతావరణమైతే కరివేపాకు ఇంకా తేలిక. మామిడి కావాలనుకుంటే పొట్టిగా పెరిగే ఆమ్రపాలి లాంటి రకాలే తీసుకోండి. పనస, నేరేడు లాంటి భారీ చెట్లను మాత్రం మొదటి ప్రయత్నంలో వదిలేయండి.

పండులోని గింజ నాటితే సరిపోదా? అంటు మొక్కే కొనాలా?

పండ్ల కోసమైతే అంటు మొక్కే తీసుకోండి. గింజ మొక్క ముందు బాల్యదశ దాటాలి. నిమ్మకైనా మామిడికైనా అందుకు అయిదేళ్ళో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు. పైగా వచ్చే పండు తల్లిచెట్టు పండులా ఉంటుందన్న నమ్మకం లేదు. అంటు మొక్కలో ఒక మొక్క వేరు భాగం మీద ఇంకో చెట్టు కొమ్మను అతికిస్తారు. ఆ పైకొమ్మ అప్పటికే కాపుకొచ్చిన చెట్టుది కాబట్టి ఒకటి నుంచి మూడేళ్ళలో పూస్తుంది. జామ, దానిమ్మ, నిమ్మలకు కొమ్మకు వేర్లు పుట్టించి తీసే గుట్టి అంటు కూడా మంచిదే. పిల్లలతో సరదాగా గింజ నాటి అది పెరుగుతుంటే చూడాలనుకుంటే నిక్షేపంగా నాటండి. అందులోనూ ఎంతో ఆనందం ఉంది.

నర్సరీలో మంచి మొక్కను ఎలా గుర్తుపట్టాలి?

అన్నిటికంటే పొడవైన మొక్క మీదికి మన కళ్ళు పోతాయి. దాన్ని వదిలేసి, కాండం లావుగా ఉండి పక్క కొమ్మలు ఉన్న పొట్టి మొక్కను తీసుకోండి. కవరు అడుగు చూడండి. లావు వేర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది చాలాకాలంగా అందులోనే ఇరుక్కుపోయిందన్నమాట. అంటు అతుకు గట్టిగా కలిసిందా, ఆకుల అడుగున పురుగులున్నాయా అన్నదీ చూసుకోండి. కాయలతో ఉన్న చిన్న మొక్కను చూసి మోసపోవద్దు. ఆ కాయల బరువు మోయడానికి దాని శక్తంతా ఖర్చయిపోతుంది.

ఒక్క చెట్టే ఉంటే కాయలు కాస్తుందా? జంట ఉండాలా?

నిమ్మ, జామ, దానిమ్మ ఒంటరిగానే కాస్తాయి. మామూలు అంజీర రకాలకైతే పరాగ సంపర్కమే అక్కర్లేదు. ఆపిల్‌లో ఎక్కువ రకాలకు దగ్గర్లో అదే సమయానికి పూసే వేరే రకం ఉండాలి. అవకాడోకు రెండు రకాలుంటే కాపు మెరుగవుతుంది. సీతాఫలం సంగతి వేరు. దాని పువ్వు ముందు ఆడదశలో, తర్వాత మగదశలో ఉంటుంది. అందుకే బాగా విచ్చుకున్న పువ్వు నుంచి మెత్తటి బ్రష్‌తో పుప్పొడి తీసి, అప్పుడే సగం విచ్చుకుంటున్న పువ్వు లోపల అద్దితే కాయ నిలుస్తుంది.

మేడ మీద పెద్ద కుండీలు పెడితే శ్లాబుకు ప్రమాదమా?

ప్రమాదం కావచ్చు కాబట్టి ముందే లెక్క వేసుకోండి. 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీలో సుమారు 70 లీటర్ల మట్టి పడుతుంది. మట్టి ఎక్కువున్న మిశ్రమం తడిస్తే ఆ ఒక్క కుండీయే 90, 100 కిలోలు తూగుతుంది. బరువైన వాటిని శ్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల పక్కన, దూలాల మీదుగా పెట్టండి. ఇటుకల మీదో స్టాండు మీదో ఎత్తి పెడితే కింద నీళ్ళు నిలవవు. పదీ పదిహేను పెద్ద కుండీలు పెట్టే ఆలోచన ఉంటే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టండి.

## కుండీ, మట్టి, నాటడం

ఒకేసారి పెద్ద కుండీ కొనేస్తే పని అయిపోతుంది కదా?

వినడానికి బాగానే ఉంటుంది గానీ చిన్న మొక్కకు అది చేటు. కొన్ని వేర్లే ఉన్నప్పుడు చుట్టూ ఉన్న మట్టిలోని తడిని పీల్చుకునేవాళ్ళు ఉండరు. ఆ తడి రోజుల తరబడి నిలిచి, గాలి ఆడక వేర్లు కుళ్ళుతాయి. ఇప్పుడున్న వేర్ల ముద్ద కంటే అన్నివైపులా రెండు మూడు అంగుళాలు ఎక్కువ చోటుండే కుండీ చాలు. చాలామందికి 10 లేదా 12 అంగుళాలతో మొదలై, ఏడాది రెండేళ్ళకోసారి పెంచుకుంటూ 18 అంగుళాలకు చేరడం సరిపోతుంది. మామిడి, సపోటా లాంటి వాటికి చివరికి 20 నుంచి 24 అంగుళాలుంటే మంచిది.

మట్టి కుండీ మంచిదా, ప్లాస్టిక్‌దా, గ్రో బ్యాగా?

మీరు నీళ్ళు ఎలా పోస్తారన్నదాన్ని బట్టి ఎంచుకోండి. మట్టి కుండీ గోడల్లోంచి తేమ ఆరుతుంది కాబట్టి నీళ్ళు ఎక్కువ పోసే అలవాటున్నవాళ్ళకు అదే రక్షణ. ప్లాస్టిక్ తేలిక, తేమ నిలుపుతుంది, కానీ నల్ల ప్లాస్టిక్ ఎండకు బాగా కాగుతుంది. బట్టతో చేసిన గ్రో బ్యాగులో వేరు అంచుకు చేరగానే గాలి తగిలి కొస ఎండుతుంది, లోపల కొత్త పీచువేర్లు పుడతాయి. వేర్లు గుండ్రంగా చుట్టుకోకపోవడం అందులోని పెద్ద లాభం. కాకపోతే తొందరగా ఆరిపోతుంది. మెడ ఇరుకుగా, పొట్ట వెడల్పుగా ఉండే అలంకార కుండీలు చెట్లకు వద్దు. కుండీ మార్చే రోజున పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

నీళ్ళు బాగా దిగడానికి అడుగున గులకరాళ్ళు వేయాలా?

వద్దు. తరతరాలుగా చెప్పుకుంటున్న మాట కావడంతో దీన్ని వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. అసలు జరిగేది ఇది: సన్నటి మట్టిలోని చిన్న చిన్న సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. కింద రాళ్ళ మధ్య పెద్ద ఖాళీలున్నా నీరు వెంటనే అందులోకి దిగదు. పైమట్టి పూర్తిగా నానేదాకా అక్కడే ఆగుతుంది. ఏ కుండీలోనైనా అడుగున కొన్ని అంగుళాల మేర తడి ముద్దగా ఉండే పొర ఒకటి ఏర్పడుతుంది. రాళ్ళు వేస్తే ఆ పొర పోదు, పైకి జరిగి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. పైగా వేర్లు పెరగాల్సిన చోటును రాళ్ళు ఆక్రమిస్తాయి. చిల్లుల మీద దోమతెర లాంటి జాలీ ముక్కో, పెంకు ముక్కో బోర్లా పెట్టి, అడుగు నుంచి పైదాకా ఒకే మిశ్రమం నింపండి. నీరు దిగడం లేదంటే మార్చాల్సింది మట్టి మిశ్రమాన్ని, లేదా చిల్లుల సంఖ్యను.

తోట మట్టి ఒక్కటే నింపితే ఏమవుతుంది? మిశ్రమం ఎలా కలపాలి?

నేలలో వానపాములు, లోతైన పొరలు మట్టిని గుల్లగా ఉంచుతాయి. కుండీలో అవేవీ లేవు కాబట్టి పోసిన ప్రతిసారీ నీళ్ళు మట్టిని అణచి, కొన్ని నెలల్లో గట్టి ముద్దగా మారుస్తాయి. వేర్లకు నీటితో పాటు గాలీ కావాలి.

చెట్లకు పనికొచ్చే సులువైన పాళ్ళు: రెండు వంతుల తోట మట్టి, ఒక వంతు బాగా చివికిన కంపోస్టు లేదా పశువుల ఎరువు, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక వంతు ముతక ఇసుక లేదా పెర్లైట్ (తేలికగా, గుల్లగా ఉండే తెల్లటి పలుకులు). మీ మట్టి బంకగా ఉంటే ఇసుక పాలు పెంచండి. కోకోపీట్‌ను ముందు రెండు మూడుసార్లు మంచినీళ్ళలో కడిగి పిండితే అందులోని ఉప్పు పోతుంది. పచ్చి పశువుల ఎరువు మాత్రం ఎప్పుడూ వేయకండి, కుళ్ళేటప్పుడు వచ్చే వేడికి వేర్లు మాడతాయి. కలిపిన మిశ్రమాన్ని పిడికిట్లో తీసుకుని బిగిస్తే ముద్ద కావాలి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోవాలి. అలా ఉంటే చాలు.

ఎంత లోతులో నాటాలి?

కాండం కింద వెడల్పై వేర్లుగా చీలే చోటు మట్టి పైకి కనిపించాలి. కాండాన్ని పాతిపెడితే బెరడు నాని కుళ్ళుతుంది. అంటు అతుకు మట్టికి కనీసం మూడు నాలుగు అంగుళాల ఎత్తున ఉండాలి. కవరు కోసి తీశాక గుండ్రంగా చుట్టుకున్న వేర్లు కనిపిస్తే చేత్తో విడదీయండి. రాకపోతే వేర్ల ముద్ద పక్కన మూడు నాలుగు చోట్ల నిలువుగా కత్తిగాటు పెట్టండి. చుట్టుకున్న వేరు తనంతట తాను విప్పుకోదు, కొన్నేళ్ళకు అదే కాండాన్ని బిగించేస్తుంది. పైన రెండంగుళాల ఖాళీ వదిలితే నీళ్ళు పొంగిపోవు.

నాటి వారమైంది, ఆకులు వేలాడిపోతున్నాయి. ఎరువు వేయనా?

వేయకండి. నాటేటప్పుడు సన్నటి వేర్లు కొన్ని తెగుతాయి. ఉన్న వేర్లు అన్ని ఆకులకూ నీరు అందించలేక అలా వాడుతుంది. పది పదిహేను రోజులు వెలుతురున్న నీడలో ఉంచి, మట్టిని చెమ్మగా మాత్రం ఉండనివ్వండి. కొత్త చిగురు కనిపించాకే మెల్లగా ఎండలోకి జరపాలి, ఎరువు ఆలోచన కూడా అప్పుడే.

## నీళ్ళు, ఎరువులు

రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నీళ్ళు పోయాలి?

దీనికి అంకె చెప్పలేం, చెప్పినా నమ్మకండి. అదే చెట్టుకు మబ్బు పట్టిన వారంలో రెండుసార్లు చాలు, మండుటెండలో రోజుకు రెండుసార్లు కావచ్చు. వేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దింపండి. లోపల చెమ్మ తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. చిన్న కుండీనైతే ఎత్తి చూస్తే బరువే చెబుతుంది.

పోసేటప్పుడు అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు కారేదాకా పోయండి. రోజూ చెంబుడు చిలకరిస్తే పై రెండంగుళాలే తడిసి, కింది వేర్లు దాహంతో ఉండిపోతాయి. కింద పళ్ళెం ఉంటే అందులో నిలిచిన నీళ్ళను అరగంటలో పారబోయండి. మధ్యాహ్నం ఎండకు ఆకులు కాస్త వాడి సాయంత్రానికి లేస్తే అది మామూలే. పొద్దున్నే వాడి ఉంటే మాత్రం వెంటనే మట్టి చూడండి. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాడుతున్నాయంటే వేర్లు కుళ్ళుతున్నాయన్న సూచన. చాలామంది అప్పుడు కంగారుపడి ఇంకా నీళ్ళు పోస్తారు, చెట్టు చనిపోవడానికి అదే కారణమవుతుంది.

పోసిన నీళ్ళన్నీ క్షణంలో కిందికి కారిపోతున్నాయి. ఎందుకు?

మట్టి బాగా ఎండిపోయి కుండీ గోడ నుంచి విడిపోయింది. నీరు ఆ సందులోంచి జారిపోతోంది, మధ్యలో ఉన్న వేర్లకు అందడం లేదు. కోకోపీట్ ఎక్కువున్న మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తోసేస్తుంది కూడా. కుండీని టబ్బు నీళ్ళలో అరగంట, గంట నానబెట్టండి. కుండీ పెద్దదైతే పది నిమిషాల విరామంతో కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పోయండి. తర్వాత అంచుల వెంబడి మట్టి నింపేయండి.

పది రోజులు ఊరెళ్ళాలి. చెట్లేమైపోతాయోనని టెన్షన్‌గా ఉంది.

కుండీలన్నిటినీ నీడలో ఒకదాని పక్కన ఒకటి చేర్చండి, తేమ నిలుస్తుంది. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులో, కొబ్బరి పీచో పరవండి. బకెట్లో నీళ్ళు నింపి కుండీ కంటే ఎత్తులో పెట్టి, లావుపాటి నూలు తాడు ఒక కొస నీళ్ళలో, ఇంకో కొస మట్టిలో లోతుగా గుచ్చితే నెమ్మదిగా నీరు దిగుతుంది. వెళ్ళే రోజే కాకుండా అంతకు రెండు రోజుల ముందే ఏర్పాటు చేసి, పనిచేస్తోందో లేదో చూసుకోండి. నమ్మకంగా వచ్చి నీళ్ళు పోసే మనిషి దొరికితే అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఎరువు ఎప్పుడు, ఎంత వేయాలి?

పోసిన ప్రతిసారీ కింద కారే నీళ్ళతో పోషకాలూ పోతుంటాయి. అందుకని కుండీ చెట్టుకు కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వడం మేలు. చిగురు వేస్తున్న కాలమంతా నెలకోసారి రెండు మూడు గుప్పిళ్ళ కంపోస్టో వానపాముల ఎరువో పైమట్టిలో కలపండి. నత్రజని, భాస్వరం, పొటాషియం కలిసిన ఎన్‌పీకే ఎరువు వాడితే డబ్బా మీద రాసినదానిలో సగమే తీసుకుని, తడి మట్టికే వేయండి. పొడి మట్టిలో వేస్తే వేర్లు మాడతాయి. ఎదుగుదల ఆగిన చలికాలంలో, జబ్బుగా ఉన్నప్పుడు ఎరువు వద్దు. నీరసించిన చెట్టుకు బలం కోసమని ఎరువు పెట్టడం మంచి మనసుతో చేసే పనే అయినా దానివల్ల నష్టమే ఎక్కువ.

కూరగాయల తొక్కలు, టీ పొడి నేరుగా మట్టిలో వేయొచ్చా?

కంపోస్టు చేశాకే వేయండి. పచ్చి తొక్కలు కుళ్ళేటప్పుడు మట్టిలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి, చీమలు, చిన్న ఈగలు చేరతాయి. గుడ్డు పెంకులు మెత్తగా పొడి చేసి వేసినా కాల్షియం అందడానికి చాలా నెలలు పడుతుంది.

మట్టి మీద, కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతోంది. బూజా?

గీరితే గట్టిగా, పొడిగా రాలితే అది ఉప్పు. ఎరువుల నుంచీ లవణాలు ఎక్కువున్న నీళ్ళ నుంచీ పేరుకుంటుంది. దూదిలా మెత్తగా ఉంటే బూజు, అది పైమట్టిని కదిపి ఆరనిస్తే పోతుంది. ఉప్పు ఎక్కువైతే ఆకుల కొసలు గోధుమరంగుకు మాడతాయి. పై అంగుళం మట్టి తీసేసి, కుండీ ఘనపరిమాణానికి రెండు మూడింతల నీళ్ళు నెమ్మదిగా పోసి కిందికి పారనివ్వండి. వాన నీళ్ళైతే ఇంకా మంచిది.

ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి. ఏం తక్కువైంది?

ముందు ఏ ఆకులో చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. కింది ముసలి ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. ముసలి ఆకుల్లో ఈనెల మధ్య పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే మెగ్నీషియం లోపం, లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి ఆకుల మీద చల్లితే సర్దుకుంటుంది. అదే పసుపు లేత ఆకుల్లో, ఈనెలు మాత్రం పచ్చగా వలలా కనిపిస్తే ఇనుము అందడం లేదు.

ఇనుము విషయంలో ఒక మాట. చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది. మట్టి పీహెచ్ ఎక్కువై క్షారగుణం పెరగడం వల్లో, నీళ్ళు నిలిచి వేర్లు దెబ్బతినడం వల్లో చెట్టు తీసుకోలేకపోతుంది. అందుకే మందు కొనేముందు కుండీ అడుగు చిల్లులు మూసుకుపోయాయేమో చూడండి. లోపల ఒకటి రెండు ముసలి ఆకులు పండి రాలడం సహజం, దానికి ఏమీ చేయక్కర్లేదు.

## కత్తిరింపు, కుండీ మార్పు

కొమ్మలు కత్తిరించాలంటే చేతులు రావడం లేదు. తప్పదా?

కుండీ చెట్టుకు తప్పదు. వేర్లకు చోటు పరిమితం కాబట్టి అవి పోషించగలిగినంతే పైన ఉండాలి. మొక్క రెండడుగులు ఉన్నప్పుడే కొస తుంచితే పక్క కొమ్మలు మూడు నాలుగు వస్తాయి. వాటి కొసలు మళ్ళీ తుంచితే చెట్టు గుబురుగా, అందేంత ఎత్తులో తయారవుతుంది. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి ముందు తీసేయండి. బయటివైపు చూసే మొగ్గకు కొంచెం పైన కోయండి, కత్తెరను స్పిరిట్‌తో తుడిచి వాడండి.

ఎప్పుడు కత్తిరించాలన్నది చెట్టును బట్టి మారుతుంది. జామ, అంజీర ఎక్కువగా కొత్త కొమ్మల మీద కాస్తాయి కాబట్టి కత్తిరిస్తే కాపు పెరుగుతుంది. మామిడి ముదిరిన కొమ్మల కొసన పూస్తుంది. కాపు అయిపోగానే కత్తిరించాలి, ఆలస్యం చేస్తే వచ్చే ఏడాది పూత పోతుంది.

కాండం కింద నుంచి బలమైన పిలకలు వస్తున్నాయి. సంతోషించాలా?

అంటు అతుక్కి కింద నుంచి వస్తే వెంటనే తీసేయండి. అవి అంటు కట్టడానికి కింద వాడిన వేరు మొక్కవి, మీరు కొన్న రకానివి కావు. వదిలేస్తే బలమంతా లాగేసుకుని పైరకాన్ని చంపేస్తాయి. నిమ్మ జాతి చెట్లలో ఆ పిలకల ఆకు ఆకారం వేరుగా ఉంటే గుర్తుపట్టడం తేలిక. లేతగా ఉన్నప్పుడే వేళ్ళతో పక్కకు లాగి తుంచితే మళ్ళీ రావడం తగ్గుతుంది.

కుండీ ఎన్నేళ్ళకోసారి మార్చాలి? వేర్లు కత్తిరిస్తే చచ్చిపోదా?

రెండు మూడేళ్ళకోసారి చూడాలి. పోసిన నీళ్ళు పైనే నిలవడం, చిగుళ్ళు చిన్నవవడం, రోజూ పోసినా సాయంత్రానికి వాడడం, ఇవన్నీ వేర్లు కుండీని నింపేశాయన్న గుర్తులు. ఇంకా పెద్ద కుండీకి చోటుంటే మార్చండి. లేకపోతే అదే కుండీలోనే వేర్లు కత్తిరించి కొత్త మట్టి నింపొచ్చు.

సరైన సమయంలో చేస్తే చెట్టు చావదు. ఆకులు రాల్చే చెట్లకు మొగ్గ విప్పకముందు, ఏడాదంతా పచ్చగా ఉండేవాటికి కొత్త చిగురు వేయబోయే ముందు చేయండి. పూతలో, కాపులో, మండుటెండల్లో వద్దు. ముందు రోజు నీళ్ళు పోసి, అంచుల వెంబడి పొడవాటి కత్తి తిప్పి చెట్టును పక్కకు పడుకోబెట్టి లాగండి. వేర్ల ముద్ద చుట్టూ, అడుగునా ఒకటి రెండు అంగుళాలు పదునైన రంపంతో కోసేయండి. మొత్తం వేర్లలో మూడోవంతు దాటకూడదు. లావు వేర్లను తగ్గించి, పీచువేర్లను ఎక్కువగా మిగల్చండి, నీరు తాగేవి అవే. కొత్త మిశ్రమం నింపుతూ ఖాళీలు లేకుండా పుల్లతో కూరండి. పైన కొమ్మలనూ అదే మేరకు తగ్గించండి. రెండు వారాలు నీడలో ఉంచి, నెల దాటాక ఎరువు వేయండి. తర్వాత వచ్చే చిగురు చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

ఊతకర్ర ఎప్పటిదాకా ఉంచాలి?

ఏడాది చాలు. గాలికి కాస్త ఊగితేనే కాండం లావెక్కుతుంది. కట్టు వదులుగా ఉండాలి, బెరడులోకి దిగకూడదు.

## పూత, కాయ

మూడేళ్ళయింది, ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, పూత లేదు. ఎందుకు?

ఆకులు అంత బాగుండటమే సూచన. నత్రజని ఎక్కువైతే చెట్టు పెరుగుదలకే మొగ్గుతుంది. నత్రజని తగ్గించి, పొటాషియం ఎక్కువున్న ఎరువుకు మారండి. ఎండ ఆరు గంటలైనా పడుతోందా, పూసే కొమ్మల్నే కత్తిరించేస్తున్నారా అన్నదీ చూడండి. నిమ్మ లాంటివాటికి రెండు మూడు వారాలు నీళ్ళు తగ్గించి, ఆకులు కొద్దిగా వాలినప్పుడు మళ్ళీ మామూలుగా పోస్తే పూత వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకే ఇది చేయాలి. గింజ నుంచి పెరిగినదైతే ఇంకా వయసు రాలేదేమో, ఆగండి.

పూత విరగబూసింది, అంతా రాలిపోతోంది. ఏం చేయాలి?

చాలావరకు అది సహజం. మామిడి పూతలో నూటికి ఒక్క పువ్వు కూడా పండు దాకా రాదు. పిందెలు కూడా చెట్టు తాను మోయగలిగినన్నే ఉంచుకుంటుంది. అన్నీ రాలితే మాత్రం నీటి హెచ్చుతగ్గులే మొదటి అనుమానం. ఒకరోజు ఎండబెట్టి, ఇంకోరోజు ముంచితే కాడలు తెగుతాయి. పూత మీద కుండీని చోటు మార్చకండి, పురుగుమందు కొట్టకండి, తేనెటీగలు రావాలి కదా.

నాటిన ఏడాదే కాయలు పడ్డాయి. ఉంచనా, తీసేయనా?

మనసుకు కష్టమే అయినా తీసేయండి. మరీ ఆశగా ఉంటే రుచి చూడటానికి ఒకటో రెండో ఉంచుకోండి. మొదటి రెండేళ్ళు వేర్లు, కొమ్మలు పెరగనిస్తే ఆ తర్వాత చాలా ఏళ్ళు కాస్తుంది.

దానిమ్మ కాయలు పండకముందే పగిలిపోతున్నాయి.

ఎండిన మట్టికి ఒక్కసారిగా నీళ్ళు అందితే లోపలి గింజలు ఉబ్బుతాయి, అప్పటికే గట్టిపడిన తొక్క సాగలేక పగులుతుంది. కాయ పెరిగే కాలమంతా చెమ్మ ఒకేలా ఉంచండి, మట్టి మీద ఆకులు పరవండి. బోరాన్ లోపం వల్ల కూడా పగుళ్ళు వస్తాయి, సూక్ష్మపోషకాల మిశ్రమం చల్లితే తీరుతుంది.

## పురుగులు, ఎండ, చలి

కొమ్మల సందుల్లో తెల్లటి దూదిలా ఏదో ఉంది, ఆకులు జిగురుగా ఉన్నాయి.

అవి పిండినల్లులు. రసం పీలుస్తూ తియ్యటి జిగురు వదులుతాయి, దాని మీద నల్లటి మసి తెగులు పడుతుంది. కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఎక్కువైతే నీళ్ళ ధారతో కొట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా చల్లండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి, గుడ్లు ఒకేసారి పోవు. చీమలను కూడా ఆపండి. ఆ జిగురు కోసం చీమలే పిండినల్లులను కాపాడుతూ, శత్రుకీటకాలను తరిమేస్తుంటాయి.

నిమ్మ లేతాకుల మీద వెండి గీతలు, ముడతలు వస్తున్నాయి.

ఆకు పొరల మధ్య సొరంగం తవ్వే చిన్న పురుగు పని అది. లోపల ఉంటుంది కాబట్టి పైన చల్లిన మందు సరిగా తగలదు. లేతాకులనే పట్టుకుంటుంది, ముదిరినవాటి జోలికి పోదు. పెద్ద చెట్టు దాన్ని తట్టుకుంటుంది. చిన్న మొక్కకైతే కొత్త చిగురు కనిపించగానే వేపనూనె చల్లడం మొదలుపెడితే గుడ్లు పెట్టడం తగ్గుతుంది. గీతలున్నా ఆకు పనిచేస్తూనే ఉంటుంది, అన్నీ తుంచేయకండి.

ఎండాకాలం నీళ్ళు పోస్తున్నా ఆకుల అంచులు మాడుతున్నాయి.

కుండీ పక్కను చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపలి వేర్లు కూడా ఉడుకుతున్నట్టే. మట్టి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే వేర్లు దెబ్బతింటాయి, అప్పుడు ఎన్ని నీళ్ళున్నా తాగలేవు. చాలామంది చెట్టుకు నీడ కడతారు, కుండీని ఎండలోనే వదిలేస్తారు. కుండీకి తెల్ల రంగు వేయండి, గోనెసంచి చుట్టండి, లేదా ఇంకో పెద్ద కుండీలో పెట్టి మధ్య ఖాళీలో ఎండుటాకులు నింపండి. సాయంత్రపు ఎండ పడే వైపు చిన్న కుండీలు అడ్డం పెట్టినా చాలు. నీళ్ళు పొద్దున్నే పోయండి, ఎండకు కాగిన పైపులోని మొదటి నీళ్ళు పారబోశాకే.

గడ్డకట్టే చలి ఉన్నచోట కుండీ చెట్టును ఎలా కాపాడాలి?

నేలలో కంటే కుండీలో వేర్లకు చలి ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే అన్నివైపులా గాలే. వెచ్చటి ప్రాంతాల చెట్లను వెలుతురున్న గదిలోకి తెచ్చి, నీళ్ళు బాగా తగ్గించండి. లోపలికి తేగానే కొన్ని ఆకులు రాలితే కంగారు వద్దు, వెలుతురు మార్పుకు సర్దుకుంటోంది. బయటే ఉండాల్సిన వాటిని గోడ వారగా చేర్చి, కుండీకి దళసరిగా గోనెపట్టా చుట్టండి.

ఆకులన్నీ రాలిపోయాయి. చచ్చిపోయిందా, పీకేయనా?

తొందరపడకండి. సన్నటి కొమ్మ మీద గోటితో బెరడు కొద్దిగా గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే కింది కొమ్మ, తర్వాత కాండం, చివరికి మట్టికి దగ్గరగా గీరి చూడండి. పచ్చ కనిపించిన చోటికి కొంచెం పైన కోసేయండి.

ఆ తర్వాత చెట్టును కుండీలోంచి మెల్లగా తీసి వేర్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి బతికినవి. నల్లగా మెత్తబడి వాసన వచ్చేవాటిని కత్తిరించి, మిగిలిన వేర్లకు తగినంత చిన్న కుండీలో, నీరు తేలిగ్గా దిగే కొత్త మిశ్రమంలో నాటండి. నీడలో ఉంచి, పైమట్టి ఆరినప్పుడే కొద్దిగా నీళ్ళివ్వండి, ఎరువు అసలే వద్దు. చిగురు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. అంటు మొక్కైతే కొత్త చిగురు అతుక్కి పైనుంచి వచ్చిందో లేదో చూసుకోండి. కింద నుంచి మాత్రమే వస్తే మీరు పెంచిన రకం పోయింది, మిగిలింది వేరు మొక్కే. అప్పుడు కొత్త అంటు తెచ్చుకోవచ్చు, లేదా బతికిన ఆ వేరు మొక్క మీదే మళ్ళీ అంటు కట్టించుకోవచ్చు.